సారు ఉన్నంతసేపే మంట

నేను బొరుగుల్లోంచి ఇసుక జల్లిస్తున్నాను. మా అమ్మ బట్టీ ముందు కూర్చొని, ఉప్పునీళ్ళు పట్టించి వేయించిన బియ్యాన్ని గుప్పెడు తీసి కాగిన ఇసుకలో వేస్తుంది. పుల్లల కట్టతో ఒకసారి కలియబెడుతుంది. బాణలి నిండా తెల్లగా పొంగుతాయి. పొంగినవాటిని ఇసుకతో సహా నా జల్లెడలో పోస్తుంది. ఇసుక మళ్ళీ బాణలిలోకి పోతుంది, బొరుగులు గోతంలోకి పోతాయి. మా జేజి, మా నాయన తల్లి, పొయ్యి నోటి దగ్గర కూర్చొని శనక్కాయ పొట్టు లోపలికి తోస్తూ, దారిన పోయేవాళ్ళను ఒక్కరినీ వదలకుండా పలకరిస్తుంది. ఇంటి ముందర కొట్టంలో మాకు రోజూ పొద్దున ఇదే పని. బట్టీ మా నాయన కట్టింది. ఆయన పోయాక మా ముగ్గురికీ అన్నం పెట్టేది అదే.

ఆ పొద్దు ఒక జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. దిగినాయన ఇంటిని చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. తలెత్తి మా పొగ చూశాడు. ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్న చుట్టం సంతలో కనబడినట్టు ఆయన మొహం వెలిగిపోయింది.

"పరిశ్రమ!" అన్నాడు.

"కాదు నాయనా, బొరుగుల బట్టీ," అంది జేజి.

ఆయన పేరు పరాంకుశం. మండల ఉద్గార నియంత్రణ ప్రత్యేకాధికారి. ఆ ఉద్యోగం ఆయనతోనే పుట్టిందట. మా వంకమీదపల్లెను పొగ లేని ఆదర్శ గ్రామంగా చేయడానికి ఎంపిక చేశారని, సాయంత్రం బడి దగ్గర సభ ఉందని చెప్పి, మా పొగను ఇంకోసారి ప్రేమగా చూసి వెళ్ళిపోయాడు.

సభలో నాకూ ఒక పని దొరికింది. ఆయన తెచ్చిన అట్టముక్క మీద ఒక పెద్ద రంగుల చక్రం ఉంది. దాన్ని పట్టుకొని నిలబడడానికి చదువుకున్న ఆడపిల్ల కావాలన్నారు. నేను ఇంటరు దాకా చదివాను. చక్రం నాకంటే వెడల్పు కాబట్టి నేనెవరికీ కనబడను. నాకు మాత్రం అంచు మీదుగా అందరూ కనబడతారు.

"మహాజనులారా!" అన్నాడు పరాంకుశం గారు. "ప్రపంచవ్యాప్తంగా వెలువడుతున్న కర్బన ఉద్గారాలను రంగాలవారీగా వర్గీకరించి ఈ చక్రమందు పొందుపరచడమైనది. ఈ పెద్ద ముక్క విద్యుత్ రంగం. ఇది రవాణా. ఇది పరిశ్రమలు, అనగా ఉక్కు, సిమెంటు, రసాయనాలు వగైరా. ఇది వ్యవసాయం మరియు పశుసంపద. ఇవి గృహములు. ఈ సన్నముక్క వ్యర్థములు."

"పుచ్చకాయ కోసిపెట్టినట్ల బో బాగుండాది," అంది జేజి.

ఆటో కుళ్ళాయప్ప చెయ్యెత్తాడు. "ఇంతకూ ఈ పొగ లోకంలో తగ్గినాదా సార్, పెరిగినాదా?"

"పెరుగుదల వేగంలో గణనీయమైన తగ్గుదల నమోదైనది."

"అంటే తగ్గినట్లేనా?"

"తగ్గుదల దిశగా పెరుగుతున్నది," అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. కుళ్ళాయప్ప కూడా కొట్టాడు, కొంచెం ఆలస్యంగా.

తర్వాత అసలు నిబంధన చదివారు. ఆదర్శ గ్రామం ప్రపంచానికి చిన్న నమూనా కాబట్టి, ప్రపంచంలో ఎన్ని రంగాలున్నాయో ఊళ్ళోనూ అన్ని ఉండాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా కంప్యూటరు ఊరి పేరు తీసుకోదట. ఒక్కొక్క రంగానికి ఒక్కొక్క బాధ్యుడు ఉండాలి. ఉన్న పొగ తగ్గించి, చివరికి సున్నా చేయాలి.

విద్యుత్ రంగం సర్పంచు సుంకన్న తీసుకున్నాడు. ఊళ్ళో ఉన్నది బడి వెనక ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే, దానికి పొగ లేదు. కాబట్టి తీసుకున్న నిమిషంలోనే ఆయన లక్ష్యం పూర్తయింది. అక్కడికక్కడే శాలువా కప్పారు. రవాణా రంగమంటే కుళ్ళాయప్ప ఆటో. వ్యవసాయమంటే ఎనుములు, అవి నెమరు వేస్తూ తేన్చే గాలి. వ్యర్థములంటే పేడదిబ్బలు. గృహములంటే పొయ్యిలు. మిగిలింది పరిశ్రమ.

"ఉక్కు, సిమెంటు, రసాయనాలు వగైరా," అని చదివి పరాంకుశం గారు మా అమ్మ వైపు చూశాడు. "శ్రీమతి లింగమ్మ."

జేజి అమ్మ పక్కకు ఒరిగి, "లోకంలో ఉక్కంతా నీదేనంటమ్మే. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది.

మొదటి విడతగా పరిశ్రమ రంగం సగానికి తగ్గాలన్నారు. అమ్మ లేచి నిలబడింది. ఆమె సభల్లో మాట్లాడే మనిషి కాదు.

"సగం మంటకు బొరుగులు పేలవు సార్. ఇసుక బాగా కాగితేనే పొంగుతాయి. లేకుంటే గట్టిపడి ఊరకుంటాయి."

"ఉత్పత్తి మా పరిధిలోనిది కాదమ్మా. అది వేరే శాఖ," అన్నాడాయన మర్యాదగా.

మరుసటి వారం సగం మంట మీద పని నడిచింది. గోతం నిండా ఎర్రటి గట్టి బియ్యం తయారైంది. కోళ్ళకు వేస్తే ముక్కుతో ఒకటి రెండు తిరగేసి, మా వైపు చూసి వెళ్ళిపోయాయి. పరాంకుశం గారు వచ్చి పొయ్యిలోకి వంగి చూసి, "అద్భుతం! పరిశ్రమ రంగం యాభై శాతం ప్రగతి," అన్నాడు. ఆ శనివారం సంతలో బొరుగులు నానబెట్టి తాలింపేసి ఉగ్గాని అమ్మేవాళ్ళు వాటిని వేరే ఊరి నుంచి తెచ్చుకున్నారు.

కుళ్ళాయప్ప మా నాయనకు వరసకు తమ్ముడు. అతనికి ఒక ఆలోచన వచ్చింది. "వదినా, కదిలేదంతా రవాణా అని సారే చెప్పినాడు గదా. డ్రమ్ముతో ఒక పొయ్యి చేసి నా ట్రాలీ ఆటోలో పెడదాం. బట్టీ నడుస్తాంటే అది పరిశ్రమ యెట్లయితాది?"

పెట్టారు. అమ్మ వెనక కూర్చొని వేయిస్తుంటే, కుళ్ళాయప్ప ఊరి చుట్టూ మెల్లగా తిప్పాడు. పరిశ్రమ రంగం సున్నాకు చేరింది. పరాంకుశం గారు మిఠాయి పంచాడు. గుంట వచ్చినప్పుడల్లా కాగిన ఇసుక కుళ్ళాయప్ప వీపు మీద పడుతుండడంతో అతను రెండో రోజు సెలవు పెట్టాడు.

"ఆటో లేకుంటే యేమి, ఎనుములబండి కట్టండి. అప్పుడది వ్యవసాయం," అంది జేజి. కట్టాం. రవాణా రంగంలోనూ మంచి తగ్గుదల కనబడింది. వ్యవసాయం పెరిగింది కదా అని నేను అడిగితే, పెరుగుదల వచ్చే సంవత్సరం నివేదికలో వస్తుందని, తగ్గుదల మాత్రం ఈ సంవత్సరంలోనే చూపించాలని పరాంకుశం గారు చెప్పాడు. ఎనుములు పొయ్యి వేడికి బెదిరి బండిని పేడదిబ్బ మీదికి లాక్కెళ్ళాయి. ఆ ఒక్క పూట మేము వ్యర్థముల కింద ఉన్నాం.

ఇలా ఒక్కొక్క రంగమే తగ్గుతూ ఊరు బాగానే పోతుండగా, జిల్లా ఆఫీసులో ఎవరో 'మొత్తం' అనే మాట కొత్తగా కనిపెట్టారు. రంగాలన్నీ తగ్గాయి, బాగుంది, మొత్తం ఎంత తగ్గిందని అడిగారు. పరాంకుశం గారు కూడి చూశాడు. మొత్తం తగ్గలేదు. కుళ్ళాయప్ప డీజిలు వల్ల కాస్త పెరిగింది కూడా.

రెండు రోజులు ఆయన కూడిన లెక్కనే మళ్ళీ మళ్ళీ కూడాడు. మూడోరోజు వంక గట్టు మీద నిలబడి అవతలికి చూశాడు.

మా ఊరికి, కిందపల్లెకు మధ్య ఆ వంకే పొలిమేర. వానలొస్తే పారుతుంది, లేకుంటే ఉత్త ఇసుక. మా బాణలిలోని ఇసుక కూడా అక్కడిదే. ఇవతలి గట్టు మాది, అవతలి గట్టు వాళ్ళది.

"ఉద్గారము ఏ స్థలమందు జరిగినదో, ఆ స్థలమునకే చెందును," అన్నాడాయన, తనలో తాను చెప్పుకున్నట్టు.

మరుసటి పొద్దు నుంచి వంకమీదపల్లెలో పొయ్యి వెలగలేదు. ఆడవాళ్ళంతా కుండలు, బియ్యం, కట్టెలు, గ్యాసుబండలు ఎత్తుకొని వంక దాటి అవతలి గట్టు మీద వండి, అన్నం తెచ్చుకున్నారు. బీడీలు తాగే పెద్దాయనలు అవతల వరసగా గొంతుకూర్చునేవారు. ఎనుములు ఇవతల మేసేవి. మేత అయిన వెంటనే వాటిని తోలుకొనిపోయి నెమరు అవతల వేయించేవాళ్ళు. కుళ్ళాయప్ప ఇంజను ఆపి, ఆటోను వంక దాకా తోసుకొని పోయి, అవతల స్టార్టు చేసేవాడు. నిజం చెప్పాలంటే ఆడవాళ్ళకు ఈ ఏర్పాటు బాగానే ఉండింది. అందరూ ఒకచోట వండుతుంటే పలకరింపులకు, పోట్లాటలకు ఇల్లిల్లూ తిరిగే పని తప్పింది.

మాకే కుదరలేదు. గట్టు మీద గాలి ఎక్కువ. బొరుగులు పొంగిన మరుక్షణం ఎగిరిపోయాయి. కిందపల్లె పిల్లలు పరుగెత్తి పట్టుకొని తిన్నారు. అమ్మ ఖాళీ బాణలి వైపు, ఎగిరిపోతున్న బొరుగుల వైపు చూసి పొయ్యి ఆర్పింది. బొరుగులకు నాలుగు గోడలు కావాలి, మా నాయన కట్టిన బట్టీ కావాలి. ఆ బట్టీ నోటికి అప్పటికే పరాంకుశం గారు గుడ్డ కట్టి లక్క సీలు వేయించాడు. వెలిగిస్తే లక్క కరుగుతుంది, కరిగిన లక్కే సాక్ష్యం చెబుతుందన్నాడు.

కిందపల్లె సర్పంచు ఫిర్యాదు చేశాడు. తమ గట్టు మీద పరాయి పొగ పేరుకుంటోందన్నాడు. పైవాళ్ళు న్యాయంగా ఆలోచించి కిందపల్లెను కూడా ఆదర్శ గ్రామంగా ఎంపిక చేసి, దాన్ని కూడా పరాంకుశం గారికే అప్పగించారు. ఆయన వాళ్ళకు మా గట్టు చూపించాడు.

ఇక పొద్దున్నే రెండు ఊళ్ళూ కుండలెత్తుకొని వంకలో ఎదురుపడేవి. "ఏం వదినా, మా ఊర్లో ఏం వండుతాండావు?" "పప్పు, వంకాయ. నువ్వు మా ఊర్లో?" అనుకుంటూ దాటేవాళ్ళు. రెండు గట్లూ పొగతో నిండిపోయాయి. రెండు ఊళ్ళూ సున్నాకు చేరాయి.

"ఇక్కడ కనబడుతున్నది విదేశీ పొగ. దానికి మనం బాధ్యులం కాము," అన్నాడు పరాంకుశం గారు, దగ్గుతూ.

మా ఇంట్లో మాత్రం గోతాలు మడిచిపెట్టి ఉన్నాయి. జేజి అలవాటుకొద్దీ ఆరిన బట్టీ ముందే కూర్చొని, అలవాటుకొద్దీ గుడ్డ కట్టిన నోటి దగ్గర చేతులు కాచుకునేది. కొండ తిరునాళ్ళు దగ్గరికొస్తున్నాయి. తిరునాళ్ళకు బొరుగులు ప్రతి ఏడూ మా ఇంటి నుంచే పోవాలి. ఒక్క ఏడు తప్పితే ఆ పని ఇంకొకరిదైపోతుంది, మళ్ళీ రాదు. ఒకరోజు అమ్మ తల దువ్వుకొని, నన్ను తీసుకొని మండలాఫీసుకు బయలుదేరింది.

ఆఫీసు వాకిట్లో అటెండరు ఫకీరప్ప కూర్చొని ఉన్నాడు.

"సారు ఉండారా అన్నా?"

"ఉండారు. లోపలికి పోండి."

లోపల మేజా ఉంది, కుర్చీ ఉంది, కుర్చీ వీపుకు తగిలించిన నల్లకోటు ఉంది. మనిషి లేడు. మేము బయటికొచ్చాం.

"సారు లేడే?"

"కోటు లేదా?"

"కోటుండాది."

"ఇంగేం మరి? చూడమ్మా, కోటు కుర్చీకుంటే సారు సీట్లో ఉన్నట్లు. సెక్షనంతా దానికే నమస్కారం పెట్టి పోతాండారు. కలెక్టరాఫీసు నుంచి ఫోనొచ్చినా ఉండారనే చెప్తా. ఇది ఇప్పుడు పుట్టిన పద్ధతి కాదు. ఈ రూములో ముందరుండిన సారుకూ ఉండె, ఆయన ముందరి సారుకూ ఉండె."

"ఇంత ఎండల్లో కోటెందుకన్నా?" అన్నాను.

"తొడుక్కోనీకి కాదు పాపా, తగిలించనీకి," అన్నాడు ఫకీరప్ప, నా చదువు మీద జాలిపడుతూ.

అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. చేతులు కట్టుకొని కోటు ముందు నిలబడింది. బట్టీ ఎవరు కట్టారో, ఎప్పటి నుంచి నడుస్తోందో, గాలికి బొరుగులు ఎట్లా ఎగిరిపోతాయో, తిరునాళ్ళు ఎంత దగ్గర్లో ఉన్నాయో అంతా వివరంగా చెప్పుకుంది. ఆమె అంతసేపు మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. చివర్లో ఫ్యాను గాలికి కోటు చెయ్యి కొంచెం లేచి పడింది.

"చెయ్యి ఊపినాడు గదా, అయితాది పోండి," అన్నాడు ఫకీరప్ప వాకిట్లోంచి.

రెండు ఊళ్ళూ సున్నాకు చేరిన వార్త రాజధాని దాకా పోయింది. పొగ లేని ఆదర్శ గ్రామమని బోర్డు నాటడానికి పెద్దలు బయలుదేరారు. ఆ పొద్దు కార్లు వరసగా వచ్చి వంక ఇసుకలో ఆగాయి. లోపల చల్లగా ఉండాలని ఇంజన్లు ఆపలేదు. మైకుకు తెచ్చిన జనరేటరును సరిగ్గా వంక నడిమధ్యన పెట్టారు. అక్కడైతే అది ఏ ఊరిదీ కాదు. ఇంతలో కారులోంచి ఒక మాట వినిపించింది. ముఖ్య అతిథిగారు ఈ సీమకు వచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా పోరట.

పరాంకుశం గారు మా ఇంటికి పరుగున వచ్చాడు.

"లింగమ్మగారూ!" అన్నాడు. మా అమ్మను గారూ అని పిలవగా మేము వినడం అదే మొదటిసారి. "తక్షణం బట్టీ వెలిగించాలి. తాజా బొరుగులు కావాలి."

"లక్క కరుగుతాది సార్," అంది అమ్మ.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, దాని వెనక వైపుతో లక్కను తానే పగలగొట్టాడు. "అతిథి మర్యాద ఏ రంగం కిందికీ రాదు. పాపా, చక్రంలో ఉందేమో చూడు. లేదు కదా? చక్రంలో లేని రంగానికి ఉద్గారం లేదు."

అమ్మ అప్పటికే అగ్గిపుల్ల గీసింది. జేజి పొట్టు తోస్తూ, తాపీగా అడిగింది. "అంటే నాయనా, ఇంట్లో అతిథి ఉంటే మా పొగ పొగ కాదా?"

"సాంకేతికంగా, కాదు."

"అతిథి అంటే యెవరైనా కావచ్చునా? మా పుట్టింటోళ్ళు వచ్చినా?"

"లేదవ్వా. గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి అయి ఉండాలి."

"నువ్వు గెజిటెడ్డేనా నాయనా?"

"నేను గెజిటెడే!" అన్నాడాయన, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"మంచిదప్పా," అంది జేజి. ఇంకేమీ అనలేదు.

ముఖ్య అతిథిగారు ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకున్నారు. బోర్డు నాటారు. వెళ్ళిపోయే ముందు ప్రజల సూచనలేమైనా ఉంటే చెప్పమన్నారు. సర్పంచు సుంకన్న శాలువా సర్దుకొని లేవబోతుండగా జేజి మైకు దగ్గరికి వెళ్ళింది.

"సామీ, అతిథి ఉంటే పొగ లేదని మీ సారు చెప్పినాడు. మాకొక అతిథిని ఇచ్చి పోండి. బాగా చూసుకుంటాము."

సభలో నవ్వులు వినిపించాయి. ముఖ్య అతిథిగారు నవ్వలేదు. బాగా ఆలోచించారు. ఇంత సులువైన మార్గం ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ తట్టలేదన్నారు. తర్వాతి వారమే ఉత్తర్వు వచ్చింది. 'పైన ఉదహరించిన అధికారి సదరు గృహమందు ఆసీనులై ఉన్నంతసేపు, సదరు బట్టీ నుండి వెలువడు పొగను ఆతిథ్యముగా పరిగణించవలెను. వారు లేచినచో పొగగా పరిగణించవలెను.' పరాంకుశం గారిని మా ఇంటికి నివాస అతిథిగా నియమించారు.

ఆయన పొద్దున్నే వచ్చేవాడు. కుర్చీ కూడా ఆఫీసు నుంచి తెప్పించుకున్నాడు, దానితోపాటు కోటూ వచ్చింది. ఆయన కూర్చోగానే అమ్మ మంట వేసేది. ఆయన లేచి పెరట్లోకి పోతే జేజి పొట్టు తోయడం ఆపేది. నిబంధన నిబంధనే. ఇసుక చల్లారి మధ్యలో ఉన్న వాయి పాడయ్యేది.

"సారుకు మజ్జిగ ఎక్కువ పొయ్యొద్దు పాపా, లేస్తాడు," అని జేజి నాకు కన్ను గీటేది.

మొదట్లో ఆయన కుర్చీలో కూర్చొని మాకు ప్రపంచ పరిస్థితి చెప్పేవాడు. ఏ దేశం ఏ రంగంలో ఎంత వాగ్దానం చేసిందో, ఆ వాగ్దానాన్ని ఏ సంవత్సరానికి జరిపిందో అన్నీ ఆయనకు నోటికొచ్చు. జేజి ఊ కొడుతూ వినేది. కాని ఊరికే కూర్చున్న చేతులను చూసి ఆమె ఓర్వలేదు. ఒకరోజు జల్లెడ ఆయన ఒళ్ళో పెట్టింది. "మాటలు నోటితో గదా నాయనా చెప్తాండావు, చేతులు ఖాళీనే గదా." ఆయన జల్లించడం మొదలుపెట్టాడు. మొదట ఇసుక పైన, బొరుగులు కింద పోసుకున్నాడు. తర్వాత నేర్చుకున్నాడు.

ఊరు ఊరుకోలేదు. అతిథి లింగమ్మకే ఎందుకని సుంకన్న పేచీ పెట్టాడు. ఆతిథ్యం ఎంత దూరం వరకు వర్తిస్తుందని పైకి రాస్తే, అతిథి దృష్టి పారినంత మేర అని స్పష్టత వచ్చింది. ఇక పొయ్యిలన్నీ వంక దాటి తిరిగి వచ్చి మా వీధిలో వరసగా చేరాయి. ఎనుములను మా గుమ్మానికి ఎదురుగా కట్టేసి నెమరు వేయించారు. కుళ్ళాయప్ప మలుపు తిరిగేముందు ఆటోలోంచి తల బయటపెట్టి, "సార్, ఒక్క కన్ను ఇటు!" అని అరిచేవాడు. ఆయన జల్లెడ ఆపకుండానే తల తిప్పి చూసేవాడు. పనులు సాగుతున్నాయి. తిరునాళ్ళ గోతాలు సగం నిండాయి.

అప్పుడు ఫకీరప్ప ఒక కవరు తెచ్చాడు. పరాంకుశం గారు చదివి, మడిచి జేబులో పెట్టుకొని మళ్ళీ జల్లెడ అందుకున్నాడు.

"ఏమంట నాయనా?" అంది జేజి.

"ప్రమోషన్ అవ్వా. రెండు గ్రామాలను ఉద్గార రహితం చేసినందుకు. జిల్లాకు పోవాలి. ఎల్లుండే చేరాలి."

"సంతోషం నాయనా. నీ చోట్లోకి యెవరు వస్తారు?"

"ఎవరూ రారు. లక్ష్యం పూర్తయింది కాబట్టి పోస్టు తీసేశారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎల్లుండి నుంచి మళ్ళీ సీలు వేయాలి."

జేజి పొట్టు తోయడం ఆపింది. ఆయన ఇంకా కూర్చొనే ఉన్నాడని గుర్తొచ్చి మళ్ళీ తోసింది. తిరునాళ్ళు ఆ వారం చివర్లో. అమ్మ అటూ ఇటూ చూడకుండా, మిగతా గోతాల బియ్యం కోసం రాత్రి నానబెట్టాల్సిన వడ్లు ఎన్ని తీయాలో లెక్కపెట్టుకుంటున్నదానిలా పెదవులు కదిపింది. ఆ సాయంత్రం వడ్లు నానబెట్టలేదు.

చివరి పొద్దు ఆయన మామూలుగానే వచ్చాడు. కొత్త ఆఫీసులో చేరాలి కాబట్టి మొదటిసారి కోటు తొడుక్కున్నాడు. భుజాల దగ్గర మడత కూడా సరిగ్గా పడలేదు, దానికి మనిషి అలవాటు లేదు. జీపు వీధి మొదట్లో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. లక్క, గుడ్డ పట్టుకొని ఫకీరప్ప జీపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ మంట వేసింది. జల్లెడ నేను అందుకోబోతే, తానే తీసుకున్నాడు. ఆ పొద్దు ఏ దేశం గురించీ చెప్పలేదు.

"ఏం నాయనా, ఈపొద్దు నోరు లేవలేదే?" అంది జేజి. ఆయన జల్లెడ ఇంకొంచెం గట్టిగా ఊపాడు.

జీపు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది.

అమ్మ చెయ్యి బాణలి మీద ఆగిపోయింది. గుప్పిట్లో బియ్యం ఉంది. వేస్తే, పొంగేలోపు ఆయన లేవచ్చు. ఆమె వేయలేదు, వెనక్కి పెట్టలేదు. కొట్టంలో తిరునాళ్ళ గోతాలు సగం నిండి, సగం వాలి ఉన్నాయి. జేజి పొట్టు మీద చెయ్యి పెట్టుకొని ఆయన మోకాళ్ళ వైపే చూస్తోంది, అవి ఎప్పుడు నిటారుగా అవుతాయోనని.

పరాంకుశం గారు జల్లెడ కింద పెట్టాడు. లేచాడు. జేజి చెయ్యి పొట్టు మీంచి తీసేసింది.

ఆయన కోటు విప్పాడు. దులిపాడు. కాలరుకు అంటుకున్న ఒక బొరుగును తీసి నోట్లో వేసుకున్నాడు. కోటును కుర్చీ వీపుకు తగిలించి, భుజాలు సరిగ్గా కూర్చునేలా సర్ది, కుర్చీని బట్టీ వైపు, వీధి కూడా కనబడేలా, కొంచెం తిప్పి పెట్టాడు. ఒకసారి వెనక్కి జరిగి చూశాడు. ఆఫీసులో అందరూ చేసినట్టే దానికి చిన్నగా నమస్కారం పెట్టాడు.

తర్వాత చొక్కా మీదనే గడప దాటి వెళ్ళిపోయాడు. ఆయన వీధి మొదలు చేరకముందే మా బాణలిలో బియ్యం పొంగడం మొదలుపెట్టింది.